వెనక వరుసలో కీర్తిశేషుడు

బ్రాక్‌విక్ పట్టణ సంఘం వారు ప్రజలకు సవినయంగా తెలియజేసిందేమంటే, సముద్రం ఒడ్డునున్న పాత వింటర్ హాలును పడగొట్టి ఆ స్థలంలో కార్లు నిలిపే చోటు కట్టిస్తారు. అభ్యంతరాలున్నవారు వచ్చే నెల పదో తారీఖులోగా రాసి ఇవ్వవచ్చు. ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది. రాసినవాడు డెస్మండ్ పెటిగ్రూ, వయసు డెబ్బై నాలుగు, వృత్తి నవ్వించడం.

ఆయన వృత్తి జీవితం గురించి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు. పంతొమ్మిదో ఏట అదే హాల్లో, దేనికో తెలియకుండా వరుసలో నిలబడ్డ మనిషి గురించి చిన్న హాస్య నాటిక రాసి, తానే వేశాడు. హాల్లో పదకొండు మంది ఉన్నారు. పదిమంది చేతులు కట్టుకుని చూశారు. మూడో వరుసలో చేపల దుకాణం వాళ్లమ్మాయి ఐరిస్ మాత్రం పకపకా నవ్వి, చుట్టుపక్కల వాళ్లందరికీ క్షమాపణ చెప్పి, మళ్లీ నవ్వింది. డెస్మండ్ ఆ అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత లండన్ వెళ్లి టీవీకి రాశాడు, నటించాడు. పత్రికలు "మరీ అంత చెత్తగా లేదు" అని రాశాయి. ఆ దేశంలో అంతకు మించిన పొగడ్త రాజుగారికి కూడా దక్కదు. ఆరు వారాలు నడిచిన ఆ కార్యక్రమాన్ని ఏడో వారం ఆపేసి, ఆ సమయానికి తోటపని కార్యక్రమం పెట్టారు. అది ఇప్పటికీ వస్తోంది.

డెస్మండ్ ఊరికి తిరిగొచ్చి ఏటేటా వింటర్ హాల్లో కొత్త నాటికలు వేస్తూనే ఉన్నాడు. ప్రేక్షకులు పదకొండు నుంచి పద్నాలుగుకు పెరిగారు. బయట వాన పడితే ఇరవై. ఆ నాలుగు వందల కుర్చీలూ ఒక్కసారి నిండితే చూడాలని ఆయన ఆశ. నిండాలంటే ముందు హాలంటూ ఉండాలి కదా!

అభ్యంతరం అందగానే పురాతన కట్టడాల ఉపసంఘం కార్యదర్శి మిసెస్ హోల్‌క్రాఫ్ట్ స్వయంగా వాళ్లింటికి దయచేసింది. టీ తాగింది. వాన గురించి పావుగంట మాట్లాడింది. రెండో బిస్కెట్టు వద్దని మూడుసార్లు చెప్పి, తీసుకుంది. అప్పుడు అసలు సంగతికొచ్చింది.

"దారుందండీ పెటిగ్రూ గారూ. ఆ హాల్లో పనిచేసిన ప్రముఖుడెవరైనా ఉంటే ఆయన పేరుతో గోడకి నీలం ఫలకం పెట్టేస్తాం. ఫలకం పడిందంటే ఇక ఒక్క ఇటుక కూడా ఎవడూ కదపలేడు. మన ఊళ్లో ప్రముఖులంటే... ఎంత వెతికినా మీరొక్కరే తేలారు."

డెస్మండ్ సిగ్గుపడ్డాడు.

"చిన్న చిక్కేమిటంటే, ఎలా చెప్పాలో తెలియడం లేదు గానీ, ఫలకం పోయినవాళ్లకే ఇస్తామండీ."

"అయ్యో, క్షమించండి," అన్నాడు డెస్మండ్ అలవాటు కొద్దీ.

"మీ తప్పేముంది లెండి. తొందరపెడుతున్నానని అనుకోకండి సుమా! పదో తారీఖు గడువు కదా, ఊరికే కనుక్కుందామని వచ్చాను."

"మొన్ననే డాక్టరు చూశాడండీ. గుండె భేషుగ్గా ఉందన్నాడు."

"అయ్యో పాపం," అని నిట్టూర్చి ఆవిడ మూడో బిస్కెట్టు తీసుకుంది.

వంటింట్లోంచి ఐరిస్ గొంతు వినిపించింది. "ఏవమ్మా, శవపెట్టె మీరే పంపిస్తారా, మమ్మల్నే చేయించుకోమంటారా?"

"అబ్బే, అంతదాకా ఎందుకండీ! నిబంధనల్లో ఇంకో వెసులుబాటుంది," అంది కార్యదర్శి. సముద్రంలోకి వెళ్లి తిరిగిరాని ఒక ఓడ కెప్టెన్ కోసం నూరేళ్ల కిందట చేసిన నిబంధన అది. మరణ పత్రం దొరకని పక్షంలో, ఊళ్లో నలభై మందిని అడిగితే ముప్పై మంది ఆ మనిషి పోయాడని నమ్మినట్లయితే, ఉపసంఘం కూడా నమ్మవచ్చు. డెస్మండ్ మర్యాదగా తల ఊపాడు. ఇదంతా తేలే వ్యవహారం కాదనుకుని మర్చిపోయాడు.

తొమ్మిదో తారీఖు ఉదయం ఐరిస్ ఆయన్ని రొట్టె తెమ్మని పంపింది. రొట్టెల కొట్టు పక్కన జనం వరుస కట్టి ఉన్నారు. వరుస కనిపిస్తే దేనికని అడక్కుండా చివర్లో నిలబడటం బ్రాక్‌విక్ వాళ్ల సంస్కారం. డెస్మండ్ నిలబడ్డాడు. ముప్పావుగంట వానలో తడిశాక ముందుకొచ్చి చూస్తే రొట్టెల్లేవు. బల్ల వేసుకుని మిసెస్ హోల్‌క్రాఫ్ట్ కూర్చుని ఉంది. ఆవిడ ముందున్న కాగితం మీద లెక్క కనిపిస్తోంది: పోయారన్నవాళ్లు ఇరవై తొమ్మిది, ఆ పేరే వినలేదన్నవాళ్లు పది. పోయారన్నవాళ్లలో ఒకాయన అంత్యక్రియలకు తానే వెళ్లాననీ, శాండ్‌విచ్‌లు ఎండిపోయి ఉన్నాయనీ కూడా రాయించాడు.

తలెత్తి చూసిన కార్యదర్శి ముఖం సిగ్గుతో కందగడ్డయింది. అయినా నిబంధన నిబంధనే.

"పేరు చెప్పనక్కర్లేదండీ. డెస్మండ్ పెటిగ్రూ అనే హాస్యనటుడు, మీకు తెలిసినంతలో, బతికున్నారా, పోయారా?"

డెస్మండ్ వీధి చివరకు చూశాడు. అక్కడ వింటర్ హాలు వానలో తడుస్తోంది. లోపల మూడో వరుస ఉంది. వెనకాల ఎవరో దగ్గారు. ఆ ఊళ్లో అంతకంటే ఘోరమైన తిట్టు లేదు.

"పోయాడనే విన్నానండీ," అన్నాడు.

"నా ప్రగాఢ సానుభూతి," అని మిసెస్ హోల్‌క్రాఫ్ట్ కళ్లు తుడుచుకుని, ముప్పయ్యో గీత గీసింది.

విషయం విని ఐరిస్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "రొట్టె తెమ్మని పంపిస్తే చచ్చొచ్చావా! ఇన్నేళ్లు కాపురం చేసిన దాన్ని, ఒక్కమాట నన్నడగక్కర్లేదా?"

"హాలు నిలిచిందే ఐరిస్. మూడో వరుసతో సహా."

ఐరిస్‌కి ఏడుపొచ్చింది. అది కనబడకుండా వెళ్లి టీకి నీళ్లు పెట్టింది.

సంస్మరణ సభ నాడు నాలుగు వందల కుర్చీలూ నిండి, ఇంకో నూరు మంది గోడల వెంట నిలబడ్డారు. వరుసలో వచ్చిన డెస్మండ్‌కు వెనక వరుసలో, స్తంభం చాటున చోటు దొరికింది. నల్ల గౌనులో వచ్చిన ఐరిస్‌ను ముందు వరుసలో కూర్చోమంటే, ఆవిడ మొండికేసి మూడో వరుసలో కూర్చుంది.

మేయరుగారు గంభీరంగా మొదలుపెట్టారు. "నిన్నమొన్నటిదాకా మన మధ్యనే తిరుగుతూ, మన కంట పడనంత వినయంగా బతికిన మహనీయుడాయన! ఆయన్ని మనం పట్టించుకోలేదని కొందరు గిట్టనివాళ్లంటున్నారు. పచ్చి అబద్ధం! తగిన సందర్భం కోసం ఓపిగ్గా ఎదురుచూశాం, అంతే!"

చప్పట్లు ఆగలేదు. తరువాత స్థానిక కళాకారులు, వరుసలో నిలబడ్డ మనిషి గురించిన ఆ మొదటి నాటికను ప్రదర్శించారు. యాభై అయిదేళ్లుగా ఎవరూ నవ్వని చోటల్లా జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. డెస్మండ్ ఆనందం పట్టలేకపోయాడు. కానీ రాసినవాడి ప్రాణం ఊరుకోదు కదా, ఆఖరి మాట దగ్గర నటుడు తొందరపడేసరికి పైకే అనేశాడు. "అక్కడ ఆగాలయ్యా, ఒక్క క్షణం ఆగాలి!"

ముందు కుర్చీలోని ఆవిడ గిర్రున తిరిగింది. "ష్! ఏం పెద్దాయనా, పోయినవాళ్ల మీద కాస్త గౌరవం ఉండొద్దూ? ఆ మహానుభావుడే బతికుంటే నిన్ను చూసి ఎంత నొచ్చుకునేవాడు!"

"క్షమించండి," అన్నాడు డెస్మండ్.

అది విన్న ఐరిస్ మూడో వరుసలో పకపకా నవ్వి, అందరికీ క్షమాపణ చెప్పి, మళ్లీ నవ్వింది. పాపం, దుఃఖంతో మతి చలించిందని పక్కవాళ్లు ఆవిడకి మంచినీళ్లిచ్చారు.

ఫలకం పడింది, హాలు నిలిచింది. ఆ ఉత్సాహంలో డెస్మండ్ జరిగినదంతా కొత్త నాటికగా రాసి, వేసుకోవడానికి హాలు ఇప్పించమని దరఖాస్తు పెట్టాడు. ఉపసంఘం నుంచి వారం తిరక్కుండా జవాబొచ్చింది. హాలు కీర్తిశేషులు పెటిగ్రూ గారి స్మృతికి అంకితమైనందున బతికున్న కళాకారులకు ఇవ్వజాలమని చింతిస్తున్నామన్నారు. ఆ మహనీయుని పేరు వాడుకోవడం కూడా బాగుండలేదన్నారు. పంపిన రచన శ్రద్ధగా చదివామనీ, ఆయన స్థాయికి ఏమాత్రం అందలేదనీ కింద చేత్తో రాశారు.

ఇంతవరకూ చదివి మీకెక్కడైనా నవ్వొచ్చి ఉంటే, దయచేసి కాస్త ఆపుకోండి. ఇది రాసినవాడు ఇంకా బతికే ఉన్నాడు.