తనంతట తానే మూసుకున్న కిటికీ

ఆ పొద్దున జోర్కా అనుకున్నది చిన్న పనే. పొయ్యిమీద ఎర్ర మిరపకాయలు కాలుతుండగా, తన పచ్చడి సీసాల మీద అతికించే బొమ్మను సంతవాళ్లకు పంపెయ్యాలి. మధ్యాహ్నంలోగా అందకపోతే లెస్కోవాత్స్ మిరప సంతలో ఆమెకు దుకాణం లేనట్టే. ఏడాది చాకిరీ గంగపాలు.

బొమ్మ ఉన్న డిస్కు ఒక సంచిలో కిటికీ గడియకు వేలాడుతోంది. బల్లమీద చోటెక్కడ? అంతా సీసాలే. తీగ మాత్రం కంప్యూటర్‌కు తగిలించింది.

ఫోల్డర్ తెరిచింది. ఫైళ్లు చూపించే ప్రోగ్రాం, ఫైల్ మేనేజర్, టప్పున మాయమైంది. మళ్లీ తెరిచింది. మళ్లీ మాయం!

ఆ ప్రోగ్రాం రాసేవాళ్లలో మరిది ఒబ్రాద్ ఒకడు. అతనికి ఫోన్ చేసింది. తెరమీద తెరుచుకునేదాన్నీ గోడకున్నదాన్నీ ఆ ఊళ్లో ఒక్క మాటతోనే కిటికీ అంటారు. కొంప ముంచింది అదే.

"ఒబ్రాద్! కిటికీ దానంతటదే మూసుకుపోతోందయ్యా!"

"కంగారుపడకు వదినా, ఫిర్యాదు రాసుకుంటున్నా. తెరవగానే పోతోందా, కాసేపాగా?"

"దాని ఇష్టం! ఒకోసారి ఒకోలా!"

అత్తగారు సావ్కా చెవిన ఈ మాట పడింది. ఇంట్లో అడ్డంగా వీచే గాలి జబ్బు తెస్తుందని ఆవిడకు పామును చూసినంత భయం. శాలువా తలకు చుట్టుకుని వసారాలోకి పరుగెత్తింది.

"ఒరేయ్ ప్రోకా! మా ఇంట్లో గాలి దూరిందిరా! కిటికీలు వాటంతటవే కొట్టుకుంటున్నాయి! మేకులు పట్టుకురా!"

పక్కింటి వడ్రంగి ప్రోకా సుత్తితో దిగాడు. అడగనూ లేదు, ఆగనూ లేదు. కిటికీలన్నీ బిగగొట్టేశాడు.

"ఆ చప్పుడేంటి వదినా?"

"అత్తయ్య గోల. ఒబ్రాద్, తెరుచుకుందయ్యా! నిలబడింది!"

"ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదు! బొమ్మ కనిపిస్తోంది... అయ్యో, ఏమీ కనిపించడం లేదు!"

పొగ. మిరపకాయలు మాడి బొగ్గయ్యాయి, పొగకు పోయే దారి లేదు. ముగ్గురూ తుమ్ముతున్నారు. ఎదురింటివాళ్లు పిలిచినట్టున్నారు, ఫైరింజన్ గంట వినబడింది. నిచ్చెనెక్కిన బొద్దు మనిషి ఒక్క దెబ్బతో అద్దం పగలగొట్టి లోపలికి దూకాడు. గాలి రివ్వున వచ్చింది. పొగ పోయింది. తెరమీది కిటికీ కూడా పోయింది.

"మళ్లీ పోయింది ఒబ్రాద్! పన్నెండు కావస్తోంది!" అరిచింది జోర్కా.

"గాలే! మొదట్నుంచీ మొత్తుకుంటున్నానా!" సావ్కా ఆ బొద్దు మనిషి భుజం పట్టి పగిలిన కిటికీ దగ్గరికి నెట్టింది. "నువ్వు వెడల్పుగా ఉన్నావు నాయనా. ఇక్కడ నిలబడు. కదిలావో, చూడు!"

"అమ్మా, నేను మంటలార్పడానికి..."

"నోరు కూడా మూసెయ్. అందులోంచీ గాలొస్తోంది."

అతను నిలబడ్డాడు. గాలి ఆగింది. ఊగుతున్న సంచీ ఆగింది. ఫోల్డర్ తెరుచుకుంది! జోర్కా బొమ్మను పంపేసి, అప్పుడు చూసింది సంచిని. వేలితో మెల్లగా ఊపింది. టప్. మాయం.

"ఒబ్రాద్, సంచి ఊగితే తీగ వదులవుతోంది! డిస్కుతో లంకె తెగిపోతోంది!"

"అదా! డిస్కుతో లంకె మధ్యలో తెగితే మా ప్రోగ్రాం తట్టుకోలేక కూలిపోతోంది. తప్పు మాదే వదినా!"

సాయంత్రానికి సంతలో చోటు ఖాయమైందని కబురొచ్చింది. ఒబ్రాద్ కూడా ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, ప్రోగ్రాం సరిచేశారట. ఫిర్యాదు మూసేశారట," అంది జోర్కా.

సావ్కా శాలువా సర్దుకుంది.

"గడియ కూడా పెట్టమను."