నమూనా ఇంటి పొగ

భూగోళాన్ని కాపాడే పని ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి గనుక, తుర్సునై ఇంటి పొగగొట్టం దగ్గర మొదలుపెట్టాలని పలు దేశాలు ఏకగ్రీవంగా తీర్మానించాయి.

కిర్గిజ్ దేశంలో, నరిన్ కొండల్లో ఉంది ఆ ఇల్లు. తుర్సునై, కొడుకు, కోడలు అక్కడ ఉంటారు. చలికాలమంతా గొర్రెలు దొడ్డిలో తొక్కి గట్టిపరచిన పెంటను, మంచు కరిగాక పారతో దిమ్మలుగా కోసి, ఎండబెట్టి, తర్వాతి చలికాలానికి పొయ్యిలోకి దాచుకుంటారు. అది మండితే పొగ వస్తుంది. ఆ పొగ మీద ప్రపంచానికి అభ్యంతరం.

ఈ కబురు మోసుకొచ్చినవాడు జానిష్‌బెక్, హరిత పరివర్తన అంతర్జాతీయ సహకార సమన్వయ ఉపసంఘం కార్యదర్శి. (సోవియట్ కాలంలో అదే భవనంలో బొగ్గు ఉత్పత్తి పెంపు సంఘం ఉండేది. బోర్డు మారింది, కుర్చీలు మారలేదు.)

"పెద్దమ్మా, అదృష్టం నీది! నీది నమూనా ఇల్లు. ఈ పొయ్యి పోయి కరెంటుతో నడిచే వేడి యంత్రం వస్తుంది," అన్నాడు.

"ఎప్పుడొస్తుంది నాయనా?"

"ముందు అతిథులొస్తారు."

అతిథులు వచ్చారు. ఇంటికొచ్చిన అతిథికి గొర్రెను కోయకపోతే ఆ లోయలో తల ఎత్తుకు తిరగలేరు. ప్రాథమిక పరిశీలన బృందానికి ఒక గొర్రె. ఆ పరిశీలన సరిగ్గా జరిగిందా అని పరిశీలించే బృందానికి ఇంకొకటి. తర్వాత పొయ్యిని ఫొటో తీసేవాళ్లు, పొయ్యితో తుర్సునైని ఫొటో తీసేవాళ్లు, పొయ్యి గురించి తుర్సునై మనసులో ఏముందో అడిగేవాళ్లు విడివిడిగా వచ్చారు. (కలిసి రావడానికి నిబంధనలు ఒప్పుకోవు.) ఒక నిపుణుడైతే మాంసమే ముట్టడు.

"ముట్టనివాడికి గొర్రె ఎందుకురా?" అంది తుర్సునై కొడుకుతో.

"ఆయన తినకపోతే మానె. తుర్సునై కోయలేదట అన్న మాట నువ్వు పడతావా?"

పడలేదు. ఆ ఒక్క మాట పడలేకపోవడమే ఆ లోయవాళ్ల రోగం. నిపుణుడు రెండు దోసకాయ ముక్కలు తిని, స్థానిక ఆహారం అద్భుతమని రాసుకున్నాడు. గొర్రె తల మర్యాదగా అతని ముందే పెట్టారు. అతను దాని వంక చూస్తూ కూర్చున్నాడు, అది అతని వంక. మిగిలిన మాంసం డ్రైవర్లు మూటకట్టుకున్నారు.

మంచు కరిగేసరికి దొడ్డిలో గొర్రె లేదు, కోయడానికి పెంట లేదు. ఆకులు రాలే కాలంలో కోడలికి బిడ్డ పుట్టింది. బొగ్గు కొనాలంటే గొర్రెను అమ్మాలి. ఇరుగుపొరుగు ఇచ్చిన దిమ్మలు పురిటి రోజులకే అయిపోయాయి. ఎవరి పొయ్యి వాళ్లకుంది, ఇంకెంతని అడుగుతుంది?

తొలి మంచుకు తుది మదింపు బృందం దిగింది. పొగగొట్టానికి ఒక మీటరు కట్టారు. ముల్లు సున్నా దగ్గరే నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. లోపల తుర్సునై ఉన్న బొంతలన్నీ బిడ్డ మీద కప్పి, చేతులు రుద్దుకుంటూ బయటికొచ్చింది.

"యంత్రం తెచ్చారా నాయనా?"

జానిష్‌బెక్ నొచ్చుకున్నాడు. "ఎలా కుదురుతుంది పెద్దమ్మా? పొగ వచ్చే ఇంటికే యంత్రం అని రూలు. నీ ఇంట్లో పొగ లేదుగా! అవతలి లోయలో ఒక ఇల్లుంది, భలే పొగ. దానికి మంజూరైంది."

"పసిగుడ్డు నీలబడిపోతోందిరా!" అంది తుర్సునై. "ఆ పొగ వచ్చే ఇల్లేదో చెప్పు. చంటిదాన్ని ఎత్తుకుని అక్కడికే పోతాం."

ఈ ప్రశ్నను ఉపసంఘం తన నివేదికలో 'హరిత పరివర్తన పట్ల స్థానిక మహిళల్లో పెరిగిన ఆసక్తి' అన్న శీర్షిక కింద సంతోషంగా నమోదు చేసుకుంది.