అల్లుడుగారి టెస్ట్ గ్రూపు

ఆ రోజు అల్లుడుగారి పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళాలి, ఒక కన్నం పూడ్చాలి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చోవాలి. కన్నం పడింది గోడకు కాదు. ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒక్కచోటి నుంచి అదుపులో పెట్టే సాఫ్ట్‌వేర్‌కు పడింది. దాన్ని తయారుచేసినవాళ్ళే పొద్దున్నే హెచ్చరిక పంపారు. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఏ మెషీన్ నుంచైనా, పాస్‌వర్డ్ లేకుండానే, ఎవరైనా పెద్ద అధికారి కుర్చీలోకి ఎక్కి కూర్చుని, మిగతా మెషీన్లన్నిటినీ ఆడించవచ్చట. కొత్త అప్‌డేట్ పంపుతున్నాం, వెంటనే వేసుకోండి అని దాని సారాంశం. పళ్ళు తోముకుంటూ అది చదివిన అల్లుడుగారు నురగ మింగేశారు.

కంగారుకు కారణం ఉంది. ఆయన పనిచేసేది తాళాలు తయారుచేసే కంపెనీలో. అలాంటి కంపెనీ కంప్యూటర్లకే గొళ్ళెం లేదని తెలిస్తే నలుగురూ నవ్విపోరూ? పైగా ఆ రోజే బయటి కంపెనీ ప్రతినిధి ఒకడు యజమానిని కలవడానికి వస్తున్నాడు. కంప్యూటర్ల కాపలా మొత్తం మాకు అప్పగించండి, కన్నార్పకుండా చూసుకుంటాం అన్నది అతని మాట. యజమానికి ఆ మాట నచ్చితే సిస్టమ్స్ విభాగాన్ని ఎత్తేస్తారు. సిస్టమ్స్ విభాగమంటే అల్లుడుగారు, ఆయన కుర్చీ. కుర్చీని ఎలాగూ ఉంచుకుంటారు.

అయితే అల్లుడుగారికి ఒక నియమం ఉంది. కొత్త అప్‌డేట్ ఏది వచ్చినా నేరుగా ఆఫీసు మెషీన్ల మీద వేయరు. ముందు ‘టెస్ట్ గ్రూపు’ మీద వేస్తారు. అక్కడ బతికి బట్టకడితేనే ఆఫీసుకు. ఆ టెస్ట్ గ్రూపులో ఏముందని ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అందులో ఉన్నది ఒక్కటే, మామగారి టాబ్లెట్. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా పెద్దలు! ఇంటి వస్తువుకు ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఎక్కించడం తప్పని, తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని అల్లుడుగారికి తెలుసు. ఏమీ తెలియనిది మామగారికి. ఆయన టాబ్లెట్‌కు ఒక రోజు గొంతు పోయేది, ఒక రోజు అక్షరాలు చీమల తలకాయలంత అయ్యేవి, ఒక రోజు బొమ్మలన్నీ తలకిందులుగా వచ్చేవి. “నా చేతి మహిమ, ఏం పట్టుకున్నా పాడవుతుంది” అని పెద్దాయన నొచ్చుకునేవారు. అల్లుడుగారు దాన్ని ఓపిగ్గా బాగుచేసి ఇచ్చేవారు. ఆ ఓపికకు ఇంటిల్లిపాదీ మురిసిపోయేది.

కాబట్టి ఆ పొద్దున కూడా అల్లుడుగారు నియమం ప్రకారం మామగారి గది తలుపు తట్టారు.

“మామయ్యగారూ, మీ టాబ్లెట్ ఒక్కసారి ఇస్తారా? చిన్న పనుంది.”

“ఇప్పుడు కుదరదు బాబూ. క్లాసుకు టైమవుతోంది. సాయంత్రం తీసుకో.”

మామగారు స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత చాలా కాలం ఏ గదిలోకి ఎందుకు వచ్చారో మరిచిపోయినట్టు ఇల్లంతా తిరిగారు. అలాంటి మనిషి కొన్ని వారాలుగా పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని, తెల్ల బూట్లు తొడుక్కుని, మెడలో ఈల తగిలించుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటున్నారు. ఏదో ఆన్‌లైన్ వ్యాయామం క్లాసులో చేరి ఉంటారని అల్లుడుగారు సంతోషించారు. క్లాసు వింటున్నారా, చెబుతున్నారా అన్న అనుమానం ఆయనకు రాలేదు.

ఆఫీసుకు వెళ్ళి అప్‌డేట్‌ను దూరం నుంచే టాబ్లెట్‌కు పంపారు. ‘ఇప్పుడు కాదు’ అని జవాబొచ్చింది. మళ్ళీ పంపారు. మళ్ళీ ‘ఇప్పుడు కాదు’. పరీక్షించకుండా ఆఫీసు మెషీన్ల మీద వేయడానికి అల్లుడుగారికి చేయి రాలేదు. వేయకుండా కూర్చోవడానికి ప్రాణం ఒప్పలేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఈ ఊగిసలాటలో ఉండగానే యజమాని అతిథిని వెంటబెట్టుకుని హాల్లోకి వచ్చారు. వచ్చినాయన సూటు ఎంత బిగుతుగా ఉందంటే, నవ్వాలన్నా ముందు గుండీ సంగతి ఆలోచించుకోవాలి.

“ఇతనే మా సిస్టమ్స్ ఇన్‌చార్జి. కంప్యూటర్ల సంగతి మీరు తేలుస్తారు గానీ, మనిషి మాత్రం మంచోడు” అన్నారు యజమాని. “రోజూ అందరి స్క్రీన్ల మీదా మెసేజీలు పెడతాడు. వెన్ను నిటారుగా పెట్టండి, మెడ అటూ ఇటూ తిప్పండి అని. నా నడుం నొప్పి సగం పోయిందంటే నమ్మండి.”

“నాకు మెడనొప్పి పూర్తిగా పోయింది సార్” అన్నారు పక్క టేబుల్ నుంచి అకౌంట్స్ మేడమ్.

అల్లుడుగారి నోరు తెరుచుకుంది, మూసుకోలేదు. “అవి నేను పంపడం లేదు సార్. మెసేజీలు పెట్టే పాస్‌వర్డ్ మన ఇద్దరికే కదా ఉంది. మీరే పంపుతున్నారనుకున్నాను.”

“నేనా? నా ఫోన్‌లో అలారమే నాకు పెట్టుకోవడం రాదయ్యా.”

సూటాయన గొంతు తగ్గించి, “అంటే ఎవడో లోపల దూరాడు. వారాల తరబడి మిమ్మల్ని మచ్చిక చేసుకుంటున్నాడు. ఇవాళో రేపో దెబ్బ కొడతాడు” అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే హాల్లోని స్క్రీన్లన్నీ ఒక్కసారి నల్లబడి, తెల్లటి పెద్ద అక్షరాలు వెలిగాయి.

‘అందరూ లేచి నిలబడండి. చేతులు పైకి.’

అందరికంటే ముందు చేతులెత్తింది సూటాయన. ఎత్తిన చేతులకు సూటు గుండీ తెగి ఎటో ఎగిరింది. అకౌంట్స్ మేడమ్ కళ్ళజోడు నుదుటి మీదికి జరుపుకుని మరీ ఎత్తారు. యజమాని ఒక చేయి ఎత్తి, రెండోది నడుం మీద వేసుకుని, పూర్తిగా ఎత్తకపోతే ఏమవుతుందోనని భయపడి అదీ ఎత్తారు. గోడౌన్‌లోని వాళ్ళు కూడా చేతులెత్తుకునే హాల్లోకి పరిగెత్తుకొచ్చారు.

‘కళ్ళు మూసుకోండి. గట్టిగా ఊపిరి పీల్చండి. నేను చెప్పేదాకా వదలొద్దు.’

“ఊపిరి ఆపేయమంటున్నాడండీ” అని అకౌంట్స్ మేడమ్ ఉన్న ఊపిరి కాస్తా వదిలేశారు. “చంపడానికి చూస్తున్నాడా ఏంటి?”

కళ్ళు మూసుకున్నాక ఇంకో చిక్కొచ్చి పడింది. తర్వాతి ఆజ్ఞ ఏమిటో చదవడానికి ఎవరికీ కళ్ళు లేవు.

“ఎవరైనా కొంచెం తెరిచి చూడండి” అన్నారు యజమాని.

“మొదట తెరిచినవాణ్ణే గుర్తుపెట్టుకుంటాడు సార్. ఎవరూ తెరవొద్దు” అన్నాడు సూటాయన, తను మరింత గట్టిగా మూసుకుంటూ.

కళ్ళు తెరిచి ఉన్నది అల్లుడుగారొక్కరే. ఉద్యోగం పోతే పోయింది, ముందు ఈ దొంగను పట్టుకోవాలన్న ఆవేశంలో ఆయన వేళ్ళు కీబోర్డు మీద పరుగులు తీస్తున్నాయి. ఎలాగో ఆ నల్ల తెరను పక్కకు నెట్టి, సందేశాలు ఏ మెషీన్ నుంచి వస్తున్నాయో తవ్వి తీశారు. స్క్రీన్ మూలన రెండే మాటలు కనిపించాయి. ‘టెస్ట్ గ్రూపు’. గుండె జారి ఎక్కడ పడిందో చూసుకునే లోపే మరో ఆజ్ఞ వచ్చింది.

‘సిస్టమ్స్ ఒకటో నంబరు. మాట వినడం లేదు. బయటికి నడు.’

ఆయన మెషీన్‌కు తాళం పడిపోయింది. తాళాల కంపెనీలో ఆయన చూసిన తాళాలన్నిటిలోకీ గట్టి తాళం అదే.

అల్లుడుగారు నిజంగానే బయటికి నడిచారు. మెట్ల దగ్గర నిలబడి, ఇంటికి ఫోన్ చేశారు. అత్తగారు తీశారు.

“అత్తయ్యా, మామయ్యగారికి ఫోనివ్వండి. అర్జెంటు.”

“క్లాసులో ఉన్నారండీ అల్లుడుగారూ. మధ్యలో పిలిస్తే ఊరుకోరు.”

“ఆ క్లాసు మా ఆఫీసే అత్తయ్యా.”

“అయితే మీరూ చేస్తున్నారా?” అన్నారు అత్తగారు సంబరంగా.

చివరికి మామగారు ఫోన్ అందుకున్నారు. ఆయన గొంతులో ఎన్నడూ లేని ఉత్సాహం. “బాబూ, నీకో మాట చెప్పాలనే అనుకుంటున్నా. ఆ మధ్య నువ్వు టాబ్లెట్ బాగుచేసి ఇచ్చాక ఈ క్లాసు దానంతటదే తెరుచుకుంది. నాకు పొద్దుపోవడం లేదని నువ్వే పెట్టించావని అర్థమైంది. ఎదురుగా చెబితే మొహమాటపడతావని ఊరుకున్నా. పిల్లలు బంగారం అనుకో. లేచి నిలబడమంటే చాలు, టైపు చేయడం ఆపేస్తారు, నా తెర మీద వాళ్ళ నంబర్ల పక్కన పచ్చ చుక్కలన్నీ పసుపైపోతాయి. గోడౌన్ సెక్షన్ కాస్త బద్ధకం. ఇవాళ మాత్రం ఒక మొండిఘటం తగిలాడు. అందరూ నిలబడితే వాడి చుక్క ఒక్కటే పచ్చగా వెలుగుతోంది. వాణ్ణి బయట నిలబెట్టా.”

“బయటే నిలబడ్డాను మామయ్యగారూ.”

ఆ తర్వాత ఉన్నదున్నట్టు చెప్పక తప్పలేదు. అది క్లాసు కాదని, కన్నమని, ఆ కన్నంలోంచి ఈసారి నిజం దొంగ రాకముందే అప్‌డేట్ వేయాలని, తన మెషీన్‌కు తాళం పడింది కనుక ఇప్పుడా అధికారం లోకంలో ఒక్క మామగారి చేతిలోనే ఉందని చెప్పారు.

“ఆ అప్‌డేట్ నొక్కితే క్లాసు పోతుందా?” అని అడిగారు పెద్దాయన.

“పోతుంది మామయ్యగారూ.”

అల్లుడుగారికి ఎన్నడూ లేనంత సిగ్గేసింది. తను పెట్టిన బాధలన్నీ ఆ మనిషి తన చేతి మహిమ అనుకున్నాడు. పొరపాటున దొరికిన ఈ ఒక్క సుఖాన్ని మాత్రం అల్లుడి మంచితనం అనుకున్నాడు.

“సరే. పిల్లలకు చెప్పి నొక్కుతా. చెప్పకుండా పోకూడదు” అన్నారు మామగారు.

అల్లుడుగారు హాల్లోకి తిరిగి వచ్చేసరికి స్క్రీన్ల మీద ‘క్లాసు అయిపోయింది. నీళ్ళు తాగి కూర్చోండి. అందరూ బాగా చేశారు’ అని ఉంది. చదివే నాథుడు లేడు. అందరూ చేతులెత్తుకుని, కళ్ళు మూసుకుని అలాగే నిలబడి ఉన్నారు. చూస్తుండగానే ఆ అక్షరాలు చెరిగిపోయి, అప్‌డేట్ ఎక్కడం మొదలైంది. పరీక్షించని అప్‌డేట్ ఆఫీసుకు రావడం అదే మొదటిసారి. మెషీన్లన్నీ చక్కగా తెరుచుకున్నాక అల్లుడుగారు, “అయిపోయింది సార్, కళ్ళు తెరవండి” అన్నారు.

కళ్ళు తెరవగానే సూటాయనకు ధైర్యం తిరిగొచ్చింది. “వదలకూడదు సార్. ఏ మెషీన్ నుంచి వచ్చాడో మావాళ్ళు ఇట్టే పట్టేస్తారు. పోలీసులకు అప్పగించి లోపల వేయిద్దాం” అన్నాడు.

అక్కడ నోరు మూసుకుంటే ఉద్యోగం మిగిలేదేమో. అయితే తెల్ల బూట్లతో, మెడలో ఈలతో మామగారు పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతున్న దృశ్యం అల్లుడుగారి కళ్ళ ముందు మెదిలింది. “వెతకక్కర్లేదు సార్. అది మా ఇంట్లో టాబ్లెట్టే. మా మామగారిది. ఆయనకేం తెలియదు, తప్పంతా నాది” అని టెస్ట్ గ్రూపు సంగతి మొదటి నుంచి చివరిదాకా ఏకరువు పెట్టారు.

“అంటే ఇన్నాళ్ళూ మన ఆఫీసులో ఒక్క మెషీన్ కూడా ఆగలేదంటే...” అన్నారు యజమాని.

“ఆగేవన్నీ మా ఇంట్లో ఆగేవి సార్.”

“తప్పు చేశావయ్యా. ఇకనుంచి టెస్టుకు నా కంప్యూటర్ పెట్టుకో. ఎలాగూ దాన్ని నేను వాడను” అని, యజమాని సూటాయన వైపు తిరిగారు. “మీరు కన్నార్పకుండా చూస్తామన్నారు. దొంగ మూసుకోమనగానే మూసుకున్నారు. ఇతను తెరిచి ఉంచుకున్నాడు. కాపలాకు నాకు తెరిచినవాడే కావాలి.” సూటాయన కింద పడ్డ గుండీ కోసం వెతుక్కుంటూ అటునుంచి అటే వెళ్ళిపోయాడు.

“ఇంకో మాట” అన్నారు యజమాని, నడుం మీద చేయి వేసి అటూ ఇటూ వంగి చూసుకుంటూ. “మీ మామగారి నంబరివ్వు. రేపటి నుంచి ఆయన్ని తలుపులోంచే రమ్మంటాను.”

అల్లుడుగారు ఆ సాయంత్రం నేల మీద నడిచి ఇంటికి రాలేదు, తేలుతూ వచ్చారు. ఉద్యోగం నిలబడింది, మామగారికి నిజం క్లాసు దొరికింది. లోపల మామగారు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ సన్నగా ఈల వేస్తున్నారు. యజమాని అప్పటికే ఫోన్ చేశారట. పిలవడంతో ఆగకుండా, “మా మెషీన్లు ఇన్నేళ్ళు చల్లగా ఉన్నాయంటే మీ టాబ్లెట్ పడ్డ కష్టాల వల్లేనండీ” అని కృతజ్ఞతలు కూడా చెప్పారట. స్పీకర్ పెట్టి మరీ విన్నారట అందరూ. మామగారు నవ్వేసి ఊరుకున్నారు. అత్తగారు మాత్రం అల్లుడుగారికి మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ, “ముందు ఇంట్లోవాళ్ళ మీద వేసి చూడటం మంచి పద్ధతేనండీ అల్లుడుగారూ. నాకే ఇన్నాళ్ళూ తట్టలేదు” అన్నారు.

అది మొదలు ఆ ఇంట్లో అత్తగారు ఏ కొత్త వంటకం చేసినా మొదటి ముద్ద అల్లుడుగారికే, ఆయన బాగానే ఉన్నారని తేలాకే మిగతావాళ్ళకు.