ఎర్ర కలం జారిన ఆట

కినిసి బెత్తము గొని తల్లి కెరలి యడుగ
నోరు విప్పితి, లోకాలు నోట వెలిగె;
జారె బెత్తము తల్లికి, జారె గినుక;
అట్టి నీ లీల మా కోప మడచు గాత!

మన్ను తిన్న నోట పదునాలుగు భువనాలు చూపిన ఆ బాలుణ్ణి తలచుకొని, మహాకోపిష్ఠి అయిన ఒక సైన్సు మాస్టారి కథ చెబుతాను. బడిపిల్లలు చాటుగా ఆయనను నిప్పుల మాస్టారు అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. బిరుదుగానే స్వీకరించారు. దుర్వాసుడికి శపించడానికి కమండలంలో నీళ్లయినా కావాలి. మాస్టారికి జేబులోని ఎర్ర కలం చాలు.

ఆ శనివారం ఉదయం ఆయన సంచిలో ఒక నోటుబుక్కు, ఆ కలం, ఒక టార్చి పెట్టుకొన్నారు. ఊళ్లోకి వచ్చిన కొత్త రోదసి సినిమాకు, పదిగంటల ఆటకు వెళ్లాలి. చూడటానికి కాదు, దాని తోలు ఒలవడానికి. బడిలో ఆయన ప్రయోగశాల కప్పు మూడేళ్లుగా కారుతోంది. సూక్ష్మదర్శినికి గొడుగు పట్టి పాఠం చెప్పిన చరిత్ర ఆయనది. పక్కనే పొడిగా, విశాలంగా ఉన్న హాలులో ప్రతి శనివారం పరదాలు దించి పిల్లలకు రోదసి సినిమాలు వేసేది డ్రాయింగు టీచరు. ఆమె పరాయిది కాదు, మాస్టారి తోడబుట్టిన చెల్లెలు. అందుకే కోపం రెట్టింపు. చివరికి హెడ్మిస్ట్రెస్సు విసిగి ఒక మాట తేల్చేసింది: ఆ సినిమాలు తప్పుడు సైన్సు నేర్పుతున్నాయని ఋజువు తెస్తే హాలు మాస్టారిది, లేకుంటే టీచరుది, శనివారం రెండింటికి ఇద్దరూ తన గదిలో ఉండాలి, రానివాళ్ల మాట వినేది లేదు.

ముప్ఫైమంది పిల్లలను బస్సెక్కించి అదే ఆటకు తీసుకుపోతూ చెల్లెలు అన్నగారి గుమ్మం ముందు ఆగింది.

"అన్నయ్యా, తప్పులు ఏరుకుంటూ మధ్యలో కాస్త తెర కూడా చూడు."

"చూస్తానమ్మా. నిప్పు పెట్టేవాడు ఇల్లు చూడకుండా పెడతాడా?"

"ఆ నిప్పేదో పొయ్యి కింద పెడితే గ్యాసైనా కలిసొచ్చేది, వదినా" అంది వంటింట్లోంచి మాస్టారి భార్య, ఆడపడుచుతో.

శత్రువుకు ఎక్కువ సమర్పించుకోవడం ఇష్టంలేక మాస్టారు అన్నిటికన్నా చవక టికెట్టు కొన్నారు. అది మొదటి వరుసలో మూల కుర్చీ. అక్కణ్ణుంచి తెర వంకరగా, మనుషులు మునక్కాడల్లా కనిపించారు. గంటలో పదకొండు తప్పులు దొరికాయి. గాలిలేని చోట పేలుడు చప్పుడేమిటి? బరువే లేని నౌకలో ఆ సేనాని జుట్టు బుద్ధిగా నుదుటిమీద పడుకోవడమేమిటి? తప్పు దొరికినప్పుడల్లా ఆయన టార్చి వేసి, గడియారం చూసి, సమయంతో సహా నమోదు చేసి, ముక్కుతో బుసకొట్టేవారు. వెనకాయన ఆ వెలుతురు ఆపమని బతిమాలితే, మీ అజ్ఞానానికే వైద్యం చేస్తున్నానని కసిరారు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం తెలుసుకోవాలి. తలుపులు, దీపాలు, ప్రమాదఘంటిక సరిగా ఉన్నాయో లేదో చూడటానికి ఒక తనిఖీ అధికారి చెప్పకుండా వస్తాడని ఆ వారమే థియేటరుకు తాఖీదు వచ్చింది. టికెట్లు చింపే అతను మేనేజరు గదికి పరుగెత్తాడు.

"సార్, వచ్చేశాడు. మూల కూచున్నాడు. టార్చి వేసి, టైము చూసి మరీ రాస్తున్నాడు. పేజీ అంతా ఎరుపే."

మేనేజరు వంగి వంగి వచ్చి మాస్టారి చెవిదగ్గర గొంతు సవరించుకొన్నాడు. "అయ్యా, తమరు రాస్తున్నది…"

"తప్పులు. ఇప్పటికి పదకొండు. రెండింటికల్లా చేరాల్సిన బల్ల మీదికి చేరతాయి."

మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. తన థియేటరులో ఆయనకు తెలిసిన లోపాలు నాలుగే.

మెడ పట్టేస్తుందంటూ ఆయన మాస్టారిని మేడమీదికి తీసుకుపోయి, సరిగ్గా నడిమధ్యన ఉన్న మెత్తని కుర్చీలో కూచోబెట్టి, చల్లని నీళ్లిచ్చి, చేతులు కట్టుకొని వెనక్కి నడిచాడు. విద్వత్తుకు ఇన్నాళ్లకు ఒకచోట మర్యాద దక్కిందనుకొని మాస్టారు పన్నెండో అంకె వేసి, తల ఎత్తారు.

నౌక చీకట్లోకి జారుతోంది. చప్పుడు లేదు. ఎదుట ఏదో పరాయి లోకపు నల్లని సముద్రం. ఆ సముద్రపు అంచున ఒక వెండి గీత పుట్టింది. గీత వంగింది, వెడల్పయింది, లక్షల మంచుతునకలై విడిపోయింది. ఒక్కో తునక ఒక్కో ఇల్లంత. ఒక గ్రహం చుట్టూ ఉన్న మహావలయం ఆకాశాన్ని నింపుతూ లేస్తోంటే దాని నీడ కెరటాల మీదుగా, మేడ మీదుగా, మాస్టారి మోకాళ్ల మీదుగా పాకింది. తొమ్మిదో ఏట ఎవరిదో దూరదర్శినిలో కందిగింజంత కనిపించి, ఆయనను సైన్సు చదువుకు ఈడ్చుకొచ్చింది ఈ వలయమే. ఇన్నేళ్లూ ఆయన దానిని నల్లబల్లమీద సుద్దముక్కతో సున్నాచుట్టి చూపారు. ఎర్ర కలం వేళ్లలోంచి జారిపోయింది. ఆయన గమనించలేదు.

సరిగ్గా అప్పుడు ఘంటిక మోగింది. హాలులో దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆరు తలుపులూ భళ్లున తెరుచుకొని ఎండ లోపలికి దూకింది. తెర ఉతికి ఆరేసిన దుప్పటిలా వెలవెలబోయింది. అంతా పనిచేస్తున్నట్టు అధికారిగారికి కళ్లారా చూపిద్దామని మేనేజరు ఆజ్ఞ. ఇది పరీక్ష మాత్రమే, కంగారు పడవద్దని టికెట్లు చింపే అతను కేకవేశాడు.

మాస్టారు కుర్చీమీద నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో పిల్లలెవరూ చూడని కోపం అది.

"ఎవడ్రా దీపాలు వేసింది? వలయం సగం కూడా పైకి రాలేదు."

"తలుపులు తెరుచుకుంటాయని తమరికి చూపిద్దామని, సార్…"

"తలుపులతో నాకేం పనయ్యా? ఆరు తలుపులు తెరిచి ఒక లోకాన్ని మూసేశావు. ఆర్పు. వెనక్కి తిప్పు."

"ఎక్కణ్ణుంచి సార్?"

"మొదటినుంచి. ఆ మూల నుంచి నాకేమీ కనబడలేదు."

కింద ముప్ఫై తలలు వెనక్కి తిరిగాయి. వాటి మధ్య చెల్లెలు మెల్లగా లేచింది.

"గాలిలేని చోట చప్పుడు వినపడదన్నావు కదా, అన్నయ్యా. నీ అరుపు మాత్రం బాగానే వినపడింది."

"కూచోమ్మా. నీ తల అడ్డం వస్తోంది" అన్నారు మాస్టారు.

బొమ్మ మొదటినుంచి పడింది. సేనాని జుట్టు మళ్లీ నుదుటిమీదే పడుకుంది. మాస్టారు క్షమించారు. వలయం ఈసారి నిండుగా లేచింది. అన్నాచెల్లెళ్లు కళ్లు తుడుచుకొంటూ బయటికి వచ్చేసరికి గడియారం రెండున్నర చూపిస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ.

బస్సులో వగరుస్తూ బడికి చేరితే, హాలుకు కొత్త తాళం వేలాడుతోంది. హెడ్మిస్ట్రెస్సు రెండుంబావు దాకా చూసి, ఈల పోయిందని చెప్పుకోవడానికి వచ్చిన వ్యాయామం మాస్టారికి హాలు ఇచ్చేసింది. బంతులు, చాపలు అప్పుడే లోపలికి చేరాయి. అన్నాచెల్లెళ్లు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకే వైపు నిలబడి కోపగించుకొన్నారు. హెడ్మిస్ట్రెస్సు ఏమీ చలించక ఋజువు చూపమంది. నోటుబుక్కులో పదకొండు తప్పులు ముత్యాల్లా ఉన్నాయి. పన్నెండో అంకె పక్కన ఒక ఎర్ర గీత మాత్రం పేజీ అంచుదాకా జారిపోయింది.

"ఈ పన్నెండోది ఏమిటి మాస్టారూ?"

"అది సినిమాది కాదు మేడమ్. నాది."

ఇప్పుడు శనివారాలు ప్రయోగశాలలోనే తెర కడుతున్నారు. ఒకరు బొమ్మ వేస్తారు, ఒకరు తప్పులు చెబుతారు, కప్పు మాత్రం ఇద్దరిమీదా సమానంగా కారుతుంది. ఈ కథ చదివినవారికీ విన్నవారికీ ఆ బాలగోపాలుడు కన్నులనిండుగా లోకాలు చూపుగాక. మధ్యలో దీపాలు వేసేవాడి బారినుంచి కాపాడుగాక.