సున్నా డిగ్రీల ఇంజను

ఎల్బీనగర్ నవచైతన్య కాలనీ సంక్షేమ సంఘం ఒక ఆదివారం అత్యవసరంగా సమావేశమై, సభ్యుడు దశరథ గారి కారుకు ఒంట్లో బాగాలేదని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎజెండాలో ముందున్న మురుగుకాల్వ విషయం, అది ఎప్పుడూ ఉండేదే కనుక, ఎప్పటిలాగే వాయిదా పడింది.

రోగ లక్షణం ఒక్కటే. డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చగా ఇంజను బొమ్మ వెలిగింది, ఇక ఆరనంటోంది. మామూలు మనుషులైతే కారును మెకానిక్కుకు చూపించి ఊరుకునేవారు. దశరథ మామూలు మనిషా? నల్లగొండ పక్క పల్లె నుంచి చేతిసంచితో వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో స్టీలు సామాన్ల దుకాణం పెట్టి, కాలనీలో రెండంతస్తుల ఇల్లు లేపినవాడు. చేతులూపుకుంటూ పోతే మెకానిక్కు మనల్ని అమాయకుల కింద జమకడతాడనీ, రోగం పేరేదో మనమే తెలుసుకుని పోవాలనీ ఆయన సిద్ధాంతం. దవాఖానకు పోయి జబ్బు పేరు డాక్టరుకు తామే చెప్పే అలవాటున్న కాలనీవారికి ఈ సిద్ధాంతం వెంటనే నచ్చింది.

తొందర దేనికంటే, పై నెలలో దశరథ కూతురు సౌజన్యకు సర్కారు కొలువు పరీక్ష ఉంది. మూడేళ్లుగా ఆ పిల్ల దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల ఇరుకు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. వయసు లెక్క ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో నోటిఫికేషన్ ఇచ్చేవాళ్లకే తెలియదు. పరీక్షా కేంద్రం అబ్దుల్లాపూర్‌మెట్‌లో పడింది. నిమిషం ఆలస్యమైనా గేటు మూసేస్తారు. ఈ ఒక్క నియమాన్ని మాత్రం మన దగ్గర తు.చ. తప్పకుండా పాటిస్తారు.

"నేను బస్సుల పోత నాన్నా. విజయవాడ రోడ్డు మీద బస్సులకేం తక్కువ?" అంది సౌజన్య.

"ఇంట్ల కారు పెట్టుకొని బస్సుల పోతవా బిడ్డా? నలుగురు జూస్తె ఏమనుకుంటరు?" అన్నాడు దశరథ.

ఆ నలుగురు ఎవరో, ఏ కాలనీలో కిరాయికి ఉంటారో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. అయినా వాళ్ల అభిప్రాయానికి ఎదురు చెప్పినవాడు ఈ నగరంలో పుట్టలేదు. బస్సు ప్రతిపాదన అక్కడికక్కడే వీగిపోయింది.

ఇక రోగ నిర్ధారణ యంత్రం కొనాలి. ఇక్కడే సంసారంలో చీలిక వచ్చింది. దశరథ బావమరిది జగన్ దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఫోన్ కవర్ల దుకాణం నడుపుతాడు. స్టీరింగు కింద, మోకాలి దగ్గర ఉండే సాకెట్టులో అగ్గిపెట్టెంత పరికరం గుచ్చితే చాలు, వైరూ గీరూ లేకుండా ఇంజను సంగతంతా ఫోన్లోకి వచ్చి పడుతుందని అతని వాదం. "గీ కాలంల మీటర్లెవలు కొంటరు బావా? అంత ఫోన్లనే ఉన్నది" అన్నాడు.

దశరథకు ఫోను మీద నమ్మకం లేదు. వేడినీళ్లలో జీలకర్ర వేసుకుని తాగితే మోకాళ్ల నొప్పులు పోతాయని చెప్పింది ఆ ఫోనే. నెలరోజులు తాగాడు. నొప్పులు ఉన్నాయి, జీలకర్ర అయిపోయింది. ఆయనకు వస్తువంటే వేలితో కొడితే ఖణేల్మనాలి. డ్యాష్‌బోర్డు మీద కూర్చుని, పగలూ రాత్రీ ఇంజను వేడిని అంకెల్లో చూపించే గేజీయే కావాలన్నాడు. అందులో ఇంకో సుగుణం కూడా ఉంది. వేడి ఎక్కి దిగిపోయినా, ఎంతదాకా ఎక్కిందో గుర్తుపెట్టుకుని, బటన్ నొక్కితే చూపిస్తుంది.

వారం తిరిగేసరికి కాలనీ రెండుగా చీలింది. ఫోన్ పక్షం పొద్దున పార్కులో నడిచేది, గేజీ పక్షం సాయంత్రం నడిచేది. ఒకే బెంచీ మీద ఇరవై ఏళ్లు కూర్చున్నవాళ్లు ఎడమొహం పెడమొహం అయ్యారు. ఇందులో కారున్నవాళ్లు కొద్దిమందే అయినా, అభిప్రాయం ఉండటానికి కారుండాలన్న నియమం లేదు కదా.

దశరథ భార్య అరుణమ్మ ఈ మధ్యలో ఒక అప్రస్తుత ప్రసంగం చేసింది. "ఏమయ్యా, పొద్దుగాల బండి కింద పచ్చటి నీళ్లు మడుగు గడుతున్నయి. జెర వంగి సూడరాదు?"

బావా బావమరుదులు చాలారోజుల తర్వాత ఒక్క మాట మీదికి వచ్చారు. అవి ఏసీ నీళ్లని తేల్చారు. అసలు అలాంటి విషయాలు యంత్రం వచ్చాక యంత్రమే చెబుతుందని, తొందరపడి వంగి చూడటం పద్ధతి కాదని ఆమెకు నచ్చజెప్పారు. అరుణమ్మ మర్నాటి నుంచి ఆ మడుగు మీద నాలుగు బకెట్ల నీళ్లు గుమ్మరించి చక్కగా ముగ్గు వేయసాగింది. పచ్చదనం మీద ముగ్గు బహు సొంపుగా ఉందని పక్కింటివాళ్లు మెచ్చుకున్నారు.

చివరికి సంఘాధ్యక్షుడు భిక్షపతి గారు మైకు అందుకున్నారు. వచ్చింది పన్నెండు మందే అయినా మైకు లేకుండా ఆయనకు ఆలోచన రాదు. "సోదర సోదరీమణులారా! ఒక కన్నుతో చూచుట కంటె రెండు కన్నులతో చూచుట మేలు. ఫోను ఒక కన్ను! గేజీ ఒక కన్ను! కావున రెండునూ కొనవలసినదిగా దశరథ గారిని ఈ సభ ఆదేశించుచున్నది!" చప్పట్లు మోగాయి. కొనేది తాము కానప్పుడు సభ్యులు ఎప్పుడూ ఉదారంగానే ఉంటారు.

రెండూ వచ్చాయి. తీరా చూస్తే రెండూ గుచ్చేది అదే ఒక్క సాకెట్టులో. ఒక ఇంటికి ఇద్దరు హక్కుదారులైనట్టయింది. దానికి రెండు నోళ్ల వైరు ఒకటి తెప్పించి ఇద్దరికీ సమాన వాటా పంచారు. ఒకే నోటి మాటను రెండు చెవుల్లో వింటున్నామని ఎవరికీ తట్టలేదు. తడితే గొడవ చప్పబడిపోయేది కూడా.

పరీక్షకు ముందు శుక్రవారం పూజ జరిగింది. ఆ ఇంట్లో మిక్సీకి, మోటారుకు, చివరికి దోమల బ్యాటుకు కూడా పూజ కానిదే పని మొదలవదు. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అరుణమ్మ గేజీకి పసుపు రాసి, గాజు పలక మీద రూపాయి కాసంత కుంకుమ బొట్టు, తడిపి, గట్టిగా అంటేలా పెట్టింది. తెలివిగల ఇల్లాలు. అంకెల మీద పడకుండా, 90 అని వెలుగుతున్న రెండంకెలకు ఎడమపక్కన ఖాళీగా ఉన్న చోటు చూసి మరీ పెట్టింది. వేడి నూరు దాటినప్పుడు మూడో అంకె వచ్చి కూర్చునేది ఆ ఖాళీలోనే అని ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లకు తెలియదు. గేజీ మధ్య మధ్య కుయ్యిమంటూ భక్తి పాటలకు అడ్డొస్తోందని దశరథ దాని గొంతు కూడా నొక్కేశాడు.

పరీక్ష రోజు పొద్దున్నే బయల్దేరారు. దశరథ స్టీరింగు ముందు, పక్కన ఫోనుతో జగన్, వెనక అరుణమ్మ, సౌజన్య. హయత్‌నగర్ దాటేదాకా రెండు యంత్రాలూ ఒకే మాట మీద ఉన్నాయి. ఫోను 99 అంది. గేజీ 99 అంది. తర్వాత ఫోను 100 అంది. గేజీ 00 అంది.

"బావా, నూరయింది. బండాపు!" అన్నాడు జగన్.

"నూరెక్కడిదిరా? ఇగో, సున్నా ఉన్నది కండ్లువెట్టి సూడు."

"ఎండాకాలంల ఇంజను సున్నా ఎట్లుంటది బావా?"

"ఏసీ ఏసిన గద!"

నడి వేసవిలో, విజయవాడ రహదారి మీద, సున్నా డిగ్రీల దగ్గర పనిచేసిన మొట్టమొదటి ఇంజను అదే అయి ఉంటుంది. అరుణమ్మ వెనక సీటులోంచే గుట్టవైపు తిరిగి చేతులెత్తి మొక్కి, "అంత యాదగిరి నర్సింహసామి దయ" అంది. సౌజన్య పుస్తకంలోంచి తలెత్తి, "ఏదో కమురు వాసనొస్తుంది నాన్నా" అంది. ఫోను 110 అంటే గేజీ 10 అంది. జగన్ గొంతు చించుకున్నాడు. ఫోను పక్షం ఓర్వలేక అరుస్తోందని దశరథ ఏసీ ఇంకాస్త పెంచాడు. గేజీ 18 చూపిస్తుండగా బానెట్టు లోంచి తెల్లని ఆవిరి బుస్సున లేచింది. కారు రోడ్డు పక్కకు ఒరిగి, ఒకసారి వణికి, ఆగిపోయింది.

పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఆగిపోయే హక్కు ఏ కారుకూ లేదు. దశరథ బాధ అదే. తాళం తిప్పాడు, మళ్లీ తిప్పాడు.

"నాన్నా, బస్సొస్తుంది. నేను పోత" అని సౌజన్య హాల్ టికెట్టు పట్టుకుని దిగింది.

దశరథ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "రెండు నిమిషాలాగు బిడ్డా. పద్దెన్మిదే ఉన్నది. సల్లటి ఇంజను, యాడికి పోతది? ఇట్ల కొడితె అట్ల స్టార్టయితది."

సౌజన్య బస్సును చూసింది, తండ్రి మొహం చూసింది, ఆగింది. బస్సు వెళ్లిపోయింది. ఎంత మాట వినే పిల్ల, పెంపకమంటే ఇదీ అని దశరథ లోపల్లోపల పొంగిపోయాడు. రెండో బస్సు కూడా ఆయన పెంపకానికి తార్కాణంగా వెళ్లిపోయింది. మూడోసారి ఆమె గట్టిగా చెయ్యి విడిపించుకుంది. పరీక్షలోకి రానివ్వని తన ఫోను తల్లి ఒళ్లో పడేసి, కదులుతున్న షేర్ ఆటోలో అంచు మీద కూర్చుని వెనక్కి తిరగకుండా పోయింది.

అప్పుడు దశరథకు భయం వేసింది. ఆమె ఎప్పుడు తిరిగి వస్తుందన్నది కాదు ఆ భయం. రాకూడదు. మధ్యాహ్నం దాకా ఆ పిల్ల ఈ రోడ్డు మీద కనిపించకపోతే లోపల కూర్చుని పరీక్ష రాస్తున్నట్టు. ముందే కనిపిస్తే గేటు మూసేసినట్టు. మొట్టమొదటిసారి ఆయన గేజీ వంక చూడటం మానేసి రోడ్డు వంక చూశాడు. ఎదురుగా వచ్చే ప్రతి ఆటోలోకీ తొంగి చూస్తున్నాడు. రావద్దు బిడ్డా, నీకు దండం పెడతా, రావద్దు అని ఆ మనిషి నిజంగానే చేతులు జోడించాడు.

ఈలోగా జగన్ ఫోను తన ధర్మం తాను చేసింది. కారు ఆగిన చోటు కాలనీ వాట్సాప్ గ్రూపుకు చేరింది. మొదట ముప్పై దండాల బొమ్మలు వచ్చాయి, తర్వాత మనుషులు వచ్చారు. భిక్షపతి గారు స్వయంగా స్కూటరు మీద వేంచేశారు. ఫోన్ పక్షం కారుకు ఎడమపక్క, గేజీ పక్షం కుడిపక్క నిలబడ్డాయి. నూట పద్దెనిమిదా, పద్దెనిమిదా? దారిన పోయేవాళ్లు సైతం బండ్లు ఆపి తలా ఒక పక్షంలో చేరారు. కారు కింద కారుతున్న పచ్చటి నీళ్లను జాగ్రత్తగా దాటుకుంటూ అటూ ఇటూ తిరిగారు. "ఈ చారిత్రక స్థలమున..." అని భిక్షపతి గారు మైకు లేని లోటు గొంతుతో పూడ్చడం మొదలుపెట్టారు.

అబ్దుల్లాపూర్‌మెట్ వైపు నుంచి వచ్చిన ఆటో ఒకటి అవతల పక్క ఆగింది. అందులోంచి సౌజన్య దిగింది.

దశరథ రెండు చేతులతో బానెట్టు పట్టుకున్నాడు. ఇంకా వేడిగానే ఉంది. ఆయనకు తెలియలేదు.

జనం మాత్రం సంబరపడ్డారు. "అగో, సదువుకున్న పిల్ల సరైన టైముకొచ్చింది! నువ్వు జెప్పు బిడ్డా, ఏది కరెక్టు?"

ఇంత త్వరగా ఎట్ల వచ్చినవని ఒక్కరూ అడగలేదు. సౌజన్య కారులోకి వంగింది. గేజీ బటన్ నొక్కింది. 18 అని వెలిగింది. చున్నీ కొంగు ఉమ్మితో తడిపి అద్దం మీది బొట్టు తుడిచింది. 118 అయింది.

"రెండు ఒక్కటే" అంది.

సభ నిరాశలో మునిగిపోయింది. వెంటనే తేరుకుని, బొట్టు ఎవరు పెట్టారన్న విషయం మీదికి వెళ్లింది. తప్పు అరుణమ్మదని ఉభయ పక్షాలూ ఒప్పుకోవడంతో కాలనీలో ఐకమత్యం తిరిగి నెలకొంది. ఇకమీదట బొట్టు కుడి మూలన పెట్టాలనీ, ఫోనుకూ గేజీకీ మధ్య తగవు తీర్చడానికి మూడో పరికరం ఒకటి దశరథ గారు కొనాలనీ అక్కడే తీర్మానించారు.

దశరథ కూతురి దగ్గరికి వచ్చాడు. అడక్కుండానే ఆమె చెప్పింది.

"గేటు మూసిండ్రు నాన్నా."

ఫోను కొనాలా గేజీ కొనాలా తేల్చుకుందామని ఇంతదాకా ఓపికగా చదివిన పాఠకులకు మనవి. ఇంజనును చల్లబరచాల్సింది పోయి నేలపాలైన ఆ పచ్చటి నీళ్ల సంగతి, ఆ పిల్ల పరీక్ష సంగతి మీకు ముందే చెప్పాం. మీరు కూడా మీటరు వంకే చూస్తూ కూర్చున్నారు.

తండ్రీ కూతుళ్లు రోడ్డు దాటి, వచ్చిన బస్సును చెయ్యెత్తి ఆపి ఎక్కారు. వెనకే అరుణమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని ఎక్కింది. నలుగురూ చూశారు. ఎవరూ ఏమీ అనుకోలేదు.