చప్పుడు లేని ఇంటర్వ్యూ

ఉదయం పదింటికి కోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి. విశ్వవిద్యాలయంలో క్వాంటమ్ పరిశోధన ఉద్యోగం. ఇంటర్వ్యూ ఇంటినుంచే. ఇప్పటికే చాలాచోట్ల కాదన్నారు. ఇదీ పోతే చదువు అటకెక్కించి ట్యూషన్లు చెప్పుకోవడమే.

"ఇంట్లో చప్పుడు ఉండకూడదు అత్తయ్యా."

"ఇంట్లో ఏమిటి, వీధిలోనే ఉండదు," అంది అత్తగారు.

ఆమె నోరంటే వీధికి హడలు. కాకముందే చెప్పుకుంటే పని చెడుతుందని ఆమె నమ్మకం. అందుకే గుమ్మం గుమ్మానికీ ఒకటే మాట చెప్పింది. "ఓ గంట చప్పుడు చెయ్యకండి. ఎందుకో తర్వాత తెలుస్తుంది."

వడ్రంగి రంపం పక్కన పెట్టాడు. దర్జీ కుట్టుమిషన్ ఆపి ఆలోచనలో పడ్డాడు.

"రాత్రంతా వాళ్లాయన ఒకటే దగ్గు."

"పొద్దున్నుంచీ బయటికి రానూ లేదు," అన్నాడు వడ్రంగి.

ఇంకేముంది. మామగారు ముసుగుతన్ని నిద్రపోతూ ఉండగానే వీధి ఆయన్ని సాగనంపేసింది.

కోడలు మొదటి ప్రశ్నకు జవాబు చెబుతోంది. జనం చెప్పులు విప్పి, తలలు వంచుకుని, ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక గోడవారన నిలబడ్డారు. చప్పుడు చెయ్యొద్దన్నారు కనుక ఎవరూ చెయ్యలేదు. తెరమీద వాళ్లను చూసి కోడలికి మాట తడబడింది.

అవతల ప్రొఫెసరు కళ్లజోడు తీశారు. "ఇంట్లో ఏదో జరిగినట్టుంది. మరో రోజు పెట్టుకుందామమ్మా."

మరో రోజంటే మరొకరికి. అది కోడలికి తెలుసు.

అంతలో మామగారు లుంగీ సవరించుకుంటూ వచ్చాడు. "ఏమిటర్రా ఈ గుంపు?"

"మీరు పోయారు కదండీ," అన్నాడు దర్జీ.

"ఎక్కడికి?"

వంటింట్లోంచి అత్తగారు వచ్చింది. "చప్పుడు చెయ్యొద్దంటే చావు అంటగడతారా? నడవండి." అందరూ కిక్కురుమనకుండా నడిచారు.

ప్రొఫెసరు ఇంకా చూస్తూనే ఉన్నారు. కోడలు జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

"పక్కగదిలో కుర్చీ లాగినా మా ప్రయోగం పాడవుతుంది," అన్నారాయన. "మెదలకండని మా అంతస్తు వాళ్లను ఏళ్లుగా బతిమాలుతున్నాం. వినరు. ఆవిడ దగ్గర మీరేమైనా నేర్చుకున్నారా?"

"పెళ్లైనప్పట్నుంచీ వింటూనే ఉన్నానండీ."

ఆయన నవ్వి, అసలు ప్రశ్నలు మొదలుపెట్టారు. పోవలసిన పరువు ముందే పోయింది కనుక కోడలు ఈసారి తడబడలేదు.

ఉద్యోగం వచ్చింది. అత్తగారు ఇంటింటికీ వెళ్లి మరీ చెప్పింది. పరామర్శకు పరుగెత్తుకొచ్చిన వాళ్లలో ఒక్కరూ అభినందించడానికి రాలేదు.