అడగనిదే రాని కీబోర్డు

ఆ పూట ఇంజినీరు వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి భార్యకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ ఉంది. పిల్లాడు పుట్టాక ఉద్యోగం ఊసే మరిచిపోయిన మనిషి, ఇన్నేళ్ళకు ఆసుపత్రిలో రోగుల సహాయకురాలి పనికి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటి కంప్యూటర్ తెరుచుకోవడానికి ఒక యుగం పడుతుంది కాబట్టి, దాన్ని కాస్త చురుకు చేద్దామనుకున్నాడు.

ఆయన వృత్తే అది. ఏ పరికరం తగిలించినా కంప్యూటర్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ దాన్ని గుర్తుపట్టి, దానితో మాట్లాడగల డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామును తనంతట తానే లోడ్ చేసుకుంటుంది. ఎవరూ అడగక్కర్లేదు. ఆ అడగక్కర్లేకపోవడమే ఆయనకు దుబారాగా తోచింది.

"ఆటోమేటిక్ అంతా ఆపేశాను. ఇకమీద ఏది కావాలంటే దాన్ని మనమే ఆర్డరేసి పిలుచుకుంటాం," అన్నాడు గర్వంగా. ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవడానికని మొదట్లో కాసేపు ఆగే మెనూను కూడా తీసేసి, మెషీన్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు.

అది రెప్పపాటులో లేచి పాస్‌వర్డ్ అడిగింది. కీబోర్డు మాత్రం ఉలకలేదు, పలకలేదు. దాని డ్రైవర్‌ను పిలవాలంటే ఆర్డరు టైపు చేయాలి. టైపు చేయాలంటే కీబోర్డు కావాలి. ఇంజినీరు కీబోర్డు తీగ ఊడదీసి మళ్ళీ గుచ్చాడు.

"ఏమైందండీ?" అంది భార్య.

"కీబోర్డు పాడైనట్టుంది," అని బొంకాడు.

ఆ మాట పట్టుకుని, వాళ్ళతోనే ఉంటున్న ఆయన అత్తగారు పక్కింటికి పరుగెత్తి వాళ్ళ కీబోర్డు తెచ్చారు. అదీ పలకలేదు. "ఇదీ పాడైందే!" అని ఆవిడ గుమ్మంలోంచే ప్రకటించారు. పక్కింటాయన చెప్పులైనా వేసుకోకుండా వచ్చేశాడు.

"నిన్నటిదాకా లక్షణంగా పనిచేసిందండీ! ఇంతలో ఏం చేశారు?"

ఇంజినీరు ఆఫీసు మిత్రుడికి ఫోన్ చేశాడు. మిత్రుడు తాపీగా, "ఏముందిరా, డ్రైవర్ పేరు టైపు చెయ్యి, వచ్చేస్తుంది," అన్నాడు.

ఇంటర్వ్యూ వేళ దగ్గరపడింది. ఇక దాచి లాభం లేదని నిజం చెప్పేశాడు. భార్య ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది.

"అడిగితేనే ఇస్తానంటే, నోరు లేనిది ఎలా అడుగుతుందండీ?"

తన ఫోన్ తీసుకుని, వంటింట్లో పంచదార డబ్బాకు ఆనించి కూర్చుంది. ఇంజినీరు ఊపిరి బిగబట్టి తలుపు పక్కన నిలబడ్డాడు.

"మాట్లాడలేని రోగికి ఏం కావాలో ఎలా తెలుసుకుంటారు?" అని అడిగారు అవతలివాళ్ళు.

"కనిపెట్టి చూస్తే తెలుస్తుందండీ. మా వారు ఇంట్లో ఏదీ అడిగే మనిషి కాదు. మంచినీళ్ళు, కళ్ళజోడు, మందుబిళ్ళ, ఏది ఎప్పుడు కావాలో నాకు తెలిసిపోతుంది," అంది భార్య.

అవన్నీ వేళకు ఎలా వచ్చేవో ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గేసింది.

ఉద్యోగం అప్పటికప్పుడే ఖాయమైంది. ఆ జవాబే కారణమన్నారు. ఇంజినీరు సాయంత్రానికల్లా కంప్యూటర్‌ను పెన్‌డ్రైవ్‌తో లేపి ఎప్పటిలా చేసి, పక్కింటాయనకు క్షమాపణ చెప్పి వచ్చాడు.

భార్య కొత్త ఉద్యోగానికి వెళ్ళిపోయిన సోమవారం పొద్దున, స్నానాల గదిలోంచి తువాలు కోసం ఆయన పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది గానీ, హాల్లో టీవీ చూస్తున్న అత్తగారికి మాత్రం వినబడలేదు.